అనిమే అంటే పిల్లల బొమ్మలేనా?



“ఏవో జపాన్ బొమ్మలు చూసుకుంటున్నాడులే, చూడనివ్వండి.” చాలా ఇళ్లలో ఈ మాట వినిపిస్తుంది. ఇంకొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా ఎదురు మాట ఉంటుంది: “ఆ రక్తాలు, ఆ దయ్యాలు చూస్తూ కూర్చుంటే ఇక ఫోన్ ముట్టుకోనివ్వను.” రెండూ పిల్లల మంచి కోరి అనే మాటలే. కాకపోతే రెండూ అనిమే మొత్తాన్ని ఒకే మూటగా కట్టేస్తాయి. ఒకరు మూట మొత్తం మంచిదంటారు, మరొకరు మూట మొత్తం చెడ్డదంటారు. లోపల ఏముందో విప్పి చూసేవారు తక్కువ.

తెలుగులో బొమ్మ అంటే పిల్లలు ఆడుకునే వస్తువు, గీసిన చిత్రం కూడా. అందుకే కాబోలు, గీసిన చిత్రాలతో తీసిన సినిమా కనిపించగానే అది పిల్లల కోసమే అనుకుంటాం. జపాన్‌లో అలా అనుకోరు. అక్కడ అనిమే అంటే యానిమేషన్, అంతే. అది కథ చెప్పే ఒక పద్ధతి. ఆ పద్ధతిలో అయిదేళ్ల పాపకు కథ చెబుతారు, యాభై ఏళ్ల పెద్దాయనకూ చెబుతారు. కాబట్టి “అనిమే చూడొచ్చా?” అనే ప్రశ్నకు జవాబు లేదు. “ఈ అనిమేని, ఈ వయసులో, ఎవరి పక్కన కూర్చుని చూడొచ్చు?” అని అడిగితే జవాబు దొరుకుతుంది. ఆ జవాబు మీరే ఎలా వెతుక్కోవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒకే రోజు విడుదలైన రెండు సినిమాలు

1988 ఏప్రిల్ 16న జపాన్‌లో స్టూడియో జిబ్లీ సంస్థ రెండు సినిమాలను ఒకే ప్రదర్శనగా, జంటగా విడుదల చేసింది. ఒకటి హయావో మియజాకి తీసిన ‘మై నైబర్ టోటోరో’. రెండోది ఇసావో తకహాతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’.

రెండు కథలకూ పైకి చాలా పోలికలు కనిపిస్తాయి. రెండింటిలోనూ నాలుగేళ్ల చెల్లెలు ఉంది. ఆ చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండే అక్కో అన్నో ఉన్నారు. రెండింటిలోనూ అమ్మ ఇంట్లో ఉండదు. టోటోరోలో అమ్మకు జబ్బు చేసి ఆసుపత్రిలో ఉంటుంది. పిల్లలిద్దరూ నాన్నతో కలిసి పల్లెటూరి ఇంటికి వస్తారు. అక్కడి అడవిలో టోటోరో అనే పెద్ద బొద్దు జీవి పరిచయమవుతుంది. ఒక సాయంత్రం చిన్నపిల్ల తప్పిపోతుంది, మన గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఆ పిల్ల దొరుకుతుంది.

రెండో సినిమా 1945లో కోబె నగరంపై జరిగిన బాంబు దాడుల కథ. పద్నాలుగేళ్ల సేతా, నాలుగేళ్ల సెత్సుకో ఆ దాడిలో తల్లిని పోగొట్టుకుంటారు. బంధువుల ఇంట్లో ఉండలేక ఒక పాత తలదాపులోకి మారతారు. అక్కడ తిండి లేక చిన్నపిల్ల చిక్కిపోతుంది. ఈ కథలో ఆ పిల్లను కాపాడడానికి ఎవరూ రారు. మూల కథను 1967లో అకియుకి నొసాకా రాశారు. యుద్ధ కాలంలో ఆయన చెల్లెలు ఇలాగే తిండి లేక చనిపోయింది. దర్శకుడు తకహాతా కూడా తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా నగరంపై జరిగిన బాంబు దాడి నుంచి బయటపడినవారు.

ఒకే సంస్థ, ఒకే రోజు, ఒకే వయసు చిన్నపిల్ల. ఒక సినిమాను యూకేజీ పిల్లలతో కలిసి హాయిగా చూడొచ్చు. రెండోది పెద్దవాళ్లే కూర్చుని పూర్తి చేయడం కష్టం. రెండూ గొప్ప సినిమాలే. “జిబ్లీ సినిమాలన్నీ మంచివేనట” అని విని ఆదివారం మధ్యాహ్నం ఆరేళ్ల పాపకు రెండోది పెట్టి మీరు వంటింట్లోకి వెళ్తే ఏమవుతుందో ఊహించండి. సంస్థ పేరు, బొమ్మ తీరు, పోస్టర్ రంగులు ఇలాంటి చోట మనకు సాయపడవు.

షిన్-చాన్ ఎవరి కోసం పుట్టాడు?

చాలా అనిమేలు ముందు మాంగా రూపంలో, అంటే బొమ్మల కథలుగా, పత్రికల్లో సీరియల్‌గా వస్తాయి. జపాన్‌లో ఆ పత్రికలు పాఠకుల వయసును బట్టి వేర్వేరుగా ఉంటాయి. చిన్న పిల్లలవి ‘కొడొమొ’, అబ్బాయిలవి ‘షోనెన్’, అమ్మాయిలవి ‘షోజో’, యువకులవి ‘సైనెన్’, వయోజన స్త్రీలవి ‘జోసెయ్’.

మన పిల్లలకు బాగా తెలిసిన ఇద్దరిని చూడండి. ‘డోరేమాన్’ 1969 చివర్లో షోగకుకాన్ సంస్థ పత్రికల్లో మొదలైంది. అవి తరగతుల వారీగా, ఒకటో తరగతికి ఒకటి, రెండో తరగతికి ఒకటి అన్నట్టు వచ్చే పిల్లల పత్రికలు. ‘షిన్-చాన్’ మాత్రం 1990లో పెద్దవాళ్లు చదివే ‘వీక్లీ మాంగా యాక్షన్’ పత్రికలో మొదలైంది. అయిదేళ్ల పిల్లవాడు అమ్మానాన్నల పరువు తీస్తుంటే చదివి నవ్వుకున్నవాళ్లు మొదట పెద్దవాళ్లే. “మా పాప షిన్-చాన్ చూసి ఎదురు సమాధానాలు నేర్చుకుంటోంది” అని విసుక్కునే తల్లులకు ఈ సంగతి కొంత ఊరటనిస్తుందేమో. ఆ హాస్యం మొదట పిల్లల కోసం రాసింది కాదు.

అయితే ఈ విభజననూ గుడ్డిగా నమ్మలేం. ‘షోనెన్’ అనే మాట పాఠకుడెవరో చెబుతుంది గానీ, కథలో హింస ఎంతుందో చెప్పదు. 1968లో మొదలైన ‘షోనెన్ జంప్’ పత్రికలోనే ‘డెత్ నోట్’ వచ్చింది. అందులో తెలివైన ఒక విద్యార్థి పుస్తకంలో పేర్లు రాసి మనుషుల్ని చంపుతాడు. ‘డీమన్ స్లేయర్’ కూడా అదే పత్రికలో వచ్చింది. అందులో బొగ్గులు అమ్ముకుని ఇంటికి తిరిగొచ్చిన అబ్బాయికి తన కుటుంబం శవాలై కనిపిస్తుంది. కథ మొదలయ్యేదే అక్కడ. 2025 సెప్టెంబర్‌లో దీని కొత్త సినిమా ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకే వచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో దూరాన ఉన్న విషయం కాదు.

కొన్ని కథలు కావాలనే వేషం వేసుకుని వస్తాయి. 2011లో వచ్చిన ‘మడోకా మ్యాజికా’ను మొదటి రెండు ఎపిసోడ్లు చూస్తే రంగురంగుల గౌన్లు, మంత్రశక్తులు, అమ్మాయిల స్నేహం కనిపిస్తాయి. మూడో ఎపిసోడ్‌లో ఒక ముఖ్య పాత్ర దారుణంగా చనిపోతుంది. అక్కడి నుంచి కథ చీకట్లోకి వెళ్తుంది. “మొదటి ఎపిసోడ్ నేనూ చూశాను, బాగానే ఉంది” అన్న ధీమా ఇలాంటి చోట పనిచేయదు.

భయం రక్తంలోనే ఉండదు

తల్లిదండ్రులు సాధారణంగా రక్తం, కత్తులు, దయ్యాల కోసం చూస్తారు. పిల్లల భయం వేరే చోట కూడా ఉంటుంది.

‘స్పిరిటెడ్ అవే’ సినిమా 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ గెలిచింది. అందులో రక్తపాతం కథకు ముఖ్యం కాదు. కానీ మొదట్లోనే పదేళ్ల చిహిరో కళ్ల ముందు ఆమె అమ్మానాన్నలు పందులుగా మారిపోతారు. పిలిస్తే పలకరు, కూతుర్ని గుర్తుపట్టరు. పెద్దవాళ్లకు అది తిండిపోతుతనం మీద వేసిన చురక. ఆరేళ్ల పిల్లకు మాత్రం అమ్మ నన్ను మరిచిపోయిందన్న భయం.

వయసును బట్టి భయం మారుతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఎక్కువగా భయపెట్టేది రూపం: వికారమైన ముఖం, హఠాత్తుగా మారిపోయే మనిషి, పెద్ద శబ్దం. “అది నిజం కాదమ్మా” అంటే వాళ్లకు ఆ మాట పెద్దగా ఆనదు. దగ్గర కూర్చోవడం, లైటు వేయడం, చేయి పట్టుకోవడం ఆనుతాయి. తొమ్మిది పదేళ్లు దాటాక రూపం కన్నా “ఇది నిజంగా జరగొచ్చు” అనే ఆలోచన భయపెడుతుంది: కిడ్నాప్, యుద్ధం, అమ్మకో నాన్నకో జబ్బు, స్నేహితులంతా ఒక్కటై వెలివేయడం. ఈ వయసువాళ్లకు మాట్లాడటం పనిచేస్తుంది. ఒకే సినిమా చూసి తమ్ముడు దయ్యానికి భయపడితే, అక్క ఆ దయ్యం కథలోని అనాథ పిల్ల గురించి రాత్రంతా ఆలోచించవచ్చు. ఇద్దరినీ ఒకేలా ఓదార్చలేం.

సర్టిఫికెట్ ఎంతవరకు ఉపయోగం?

ముందు అది చదవడం అలవాటు చేసుకోండి. ఓటీటీల్లో వచ్చే సినిమాలు, సిరీస్‌లకు 2021 నిబంధనల ప్రకారం యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనే విభజన ఉండాలి. 2023 చట్ట సవరణతో థియేటర్ సినిమాలకు కూడా పాత యు/ఏ స్థానంలో ఈ మూడు వయసుల మెట్లు వచ్చాయి. యు/ఏ 13+ అంటే పదమూడేళ్లు దాటినవారికి తగినది, అంతకన్నా చిన్నవాళ్లయితే తల్లిదండ్రులు పక్కనుండి చూపించాలి అని. 13+, ఆ పైన ఉన్న వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యాన్ని ఓటీటీ సంస్థలు ఇవ్వాలి. యాప్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్ అని కనిపిస్తుంది. పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. ఆ పిన్ మీ పెళ్లి రోజో, బండి నంబరో కాకుండా చూసుకోండి. అవి పిల్లలకు మనకన్నా బాగా గుర్తుంటాయి.

వయసు అంకెతో పాటు కింద చిన్న అక్షరాల్లో హింస, భయం, ఆత్మహత్య ప్రస్తావన, అసభ్య భాష వంటి సూచనలుంటాయి. అంకె కన్నా అవే ఎక్కువ పనికొస్తాయి. మీ బిడ్డ దేనికి బెదురుతుందో మీకు తెలుసు, సర్టిఫికెట్ ఇచ్చినవారికి తెలియదు. అంకెలు దేశాన్ని బట్టి కూడా మారతాయి. 2020లో వచ్చిన ‘డీమన్ స్లేయర్: ముగెన్ ట్రైన్’ సినిమాకు జపాన్‌లో పీజీ12 ఇచ్చారు, అంటే పన్నెండేళ్ల లోపు పిల్లలకు పెద్దల సలహా అవసరం. అదే సినిమాకు అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్ల లోపువారు పెద్దవాళ్ల తోడు లేకుండా చూడకూడదు.

ఇక రీల్స్, షార్ట్స్‌లో తిరిగే ముక్కలకు ఇలాంటి అంకె ఏదీ కనిపించదు. పదహారేళ్లు దాటినవారి సిరీస్‌లోని అతి క్రూరమైన ముప్పై సెకన్లు, ముందూ వెనుకా కథ లేకుండా, మూడో తరగతి పిల్లవాడి కంట పడతాయి. కథ మొత్తం చూసినవాడికి ఆ మరణం ఎందుకు జరిగిందో, ఎవరు ఏడ్చారో తెలుస్తుంది. ముక్క చూసినవాడికి తెగిపడిన తల మాత్రమే మిగులుతుంది.

భయపడిన పిల్లలు ఎందుకు చెప్పరు?

తాళాలు, అంకెలు ఎన్ని ఉన్నా ఏదో ఒక రోజు చూడకూడనిది చూడటం జరుగుతుంది. స్నేహితుడి ఇంట్లోనో, స్కూల్ బస్సులో పెద్ద పిల్లల ఫోన్‌లోనో, ట్యూషన్ దగ్గరో. ఆ రాత్రి నిద్ర పట్టదు. అప్పుడు ఆ బిడ్డ మీ దగ్గరకు వస్తుందా?

చాలామంది పిల్లలు రారు. చెబితే మొదటి ప్రశ్న “ఎవరు చూడమన్నారు నిన్ను?” అని, రెండో పని ఫోన్ లాక్కోవడం అని వాళ్లకు తెలుసు. కాబట్టి భయాన్ని దాచుకుంటారు. పక్క తడుపుతారు, బాత్‌రూమ్‌కు ఒంటరిగా వెళ్లనంటారు, కారణం లేకుండా కడుపునొప్పి అంటారు. ఈ మార్పులకు వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ “ఈ మధ్య ఏమైనా చూసి భయపడ్డావా నాన్నా?” అని మెల్లగా అడగడంలో నష్టం లేదు.

బిడ్డ చెప్పిన రోజు మొదటి మాట “మంచి పని చేశావు, నాకు చెప్పావు” అని ఉండాలి. ఆ రాత్రికి విచారణ వద్దు, శిక్ష వద్దు. ఏ దృశ్యం భయపెట్టిందో మాటల్లో చెప్పనివ్వండి, చిన్న పిల్లలైతే బొమ్మ గీయనివ్వండి. ఎక్కడ చూశారు, ఎవరి ఫోన్, ఇకపై ఏం చేయాలి అన్నవి మర్నాడు పగటిపూట మాట్లాడవచ్చు. భయం చాలా రోజులు తగ్గకపోతే, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే క్లాస్ టీచర్‌తోనూ, డాక్టర్ లేదా కౌన్సెలర్‌తోనూ మాట్లాడండి.

బేతాళుడి పద్ధతి

“మా చిన్నప్పుడు ఇలాంటి భయంకరమైనవి లేవండీ” అంటారు కొందరు. కాస్త గుర్తు చేసుకుందాం. ‘చందమామ’లో దశాబ్దాల పాటు వచ్చిన బేతాళ కథల బొమ్మ ఏమిటి? శ్మశానం, చేతిలో కత్తితో రాజు, ఆయన భుజం మీద శవం. అది చూసి మనం చెడిపోలేదు. పైగా వచ్చే నెల సంచిక కోసం ఎదురు చూశాం.

ఎందుకంటే అక్కడ కథ ఒంటరిగా రాలేదు. చాలా ఇళ్లలో ఎవరో ఒక పెద్దవాళ్లు చదివి వినిపించేవారు. ఇంకా ముఖ్యంగా, కథ అయిపోగానే బేతాళుడు ఒక ప్రశ్న వేసేవాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప? ఆ పని చేయడం న్యాయమా? అంత సేపు భయపడిన మనసు ఒక్కసారిగా ఆలోచనలో పడేది. శవం పోయి ప్రశ్న మిగిలేది.

అనిమేకి కూడా ఆ ప్రశ్న కావాలి. అడిగే పని మనది. సినిమా సమీక్ష అంటే నక్షత్రాలు వేయడం కాదు, చూసినదాన్ని మళ్లీ మనసులో తిప్పి చూడటం. భోజనాల దగ్గరో, బండి మీద వెళ్తూనో ఈ అయిదు ప్రశ్నల్లో రెండు మూడు అడిగితే చాలు.

1. కథ నాలుగు వాక్యాల్లో చెప్పు. (అర్థమైనదెంత, ఫైటింగ్ మాత్రమే గుర్తున్నదెంత అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.)

2. నీకు కళ్లు మూసుకోవాలనిపించిన చోటు ఏది?

3. చెడ్డవాడు ఎందుకు అలా అయ్యాడు? (‘డీమన్ స్లేయర్’లో చాలామంది రాక్షసులకు మనుషులుగా ఉన్నప్పటి దుఃఖం ఒకటి ఉంటుంది. చనిపోయే రాక్షసుడి మీద కూడా హీరో తంజిరో జాలి చూపిస్తాడు. మీ అబ్బాయికి ఆ సిరీస్ ఎందుకు నచ్చిందో కత్తుల్లో వెతకకండి, చెల్లెల్ని పెట్టెలో మోసుకుని తిరిగే ఆ అన్నలో వెతకండి.)

4. నువ్వు ఆ చోట ఉంటే ఏం చేసేవాడివి?

5. దీన్ని మీ చెల్లికో, బాబాయి కొడుక్కో చూపిస్తావా? ఏ వయసుకు?

అయిదో ప్రశ్నను వదలకండి. తనకు ఏదైనా ఫర్వాలేదనే పిల్లవాడు, చెల్లి విషయం వచ్చేసరికి ఆగి ఆలోచిస్తాడు. “వద్దు, అది భయపడుతుంది” అన్నాడంటే, తాను ఎక్కడ భయపడ్డాడో కూడా చెప్పినట్టే. ప్రశ్నలు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు. మీరు కూడా మీ జవాబు చెప్పండి. “నాకు ఆ అమ్మ చనిపోయిన చోట ఏడుపొచ్చింది” అని నాన్న నోట వింటే, మగపిల్లవాడికి అదొక పెద్ద పాఠం.

వయసును బట్టి కొన్ని సూచనలు

ఇవి మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోదగిన సూచనలు మాత్రమే.

ఎల్కేజీ నుంచి రెండో తరగతి: ‘మై నైబర్ టోటోరో’, ‘పోన్యో’, ‘కికీస్ డెలివరీ సర్వీస్’. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్న సమయమైతే టోటోరోను కాస్త ఆగి, పక్కన కూర్చుని చూపించండి.

మూడు నుంచి అయిదో తరగతి: ‘స్పిరిటెడ్ అవే’, మొదటిసారి మీతో కలిసి. భారత్, జపాన్ కళాకారులు కలిసి తీసిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ కూడా. యుగో సాకో, రామ్ మోహన్ తదితరుల ఈ సినిమా 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. తెలిసిన కథను వేరే దేశపు కుంచెతో చూడటం పిల్లలకు మంచి అనుభవం. యుద్ధ దృశ్యాలు ఉంటాయి, గుర్తుంచుకోండి.

ఆరు, ఏడు తరగతులు: తాతయ్య, నానమ్మలు కూడా కూర్చోగలిగితే ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’. ముందే చెప్పండి, ఇది బాధపెట్టే కథ అని. అయ్యాక వెంటనే టీవీ మార్చకండి, కాసేపు మాట్లాడండి. సున్నిత మనసు పిల్లలైతే ఇంకో రెండేళ్లు ఆగినా నష్టం లేదు.

ఎనిమిది నుంచి పదో తరగతి: ‘ప్రిన్సెస్ మొనొనొకె’, ‘ఎ సైలెంట్ వాయిస్’. రెండోది వినికిడి లోపం ఉన్న క్లాస్‌మేట్‌ను ఏడిపించిన ఒక అబ్బాయి కథ. ఆత్మహత్య ప్రయత్నం కూడా ఉంటుంది కాబట్టి పిల్లల్ని ఒంటరిగా చూడనివ్వకండి. క్లాసులో వెక్కిరింపు గురించి ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఈ సినిమా తర్వాత అరగంట మాట్లాడటం ఎక్కువ పనిచేస్తుంది.

పెద్దవాళ్లకు మాత్రమే: సతోషి కోన్ తీసిన ‘పర్ఫెక్ట్ బ్లూ’ వంటివి. బొమ్మల సినిమానే, కానీ పిల్లలది కాదు.

ఈ నెల ఒక్క పని

ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి: “నీకు బాగా నచ్చిన అనిమేలో ఒక్క ఎపిసోడ్ నాకు చూపించు. ఏది చూపించాలో నువ్వే ఎంచుకో.” చూస్తున్నంతసేపు ఫోన్ పక్కన పెట్టండి, వంకలు పెట్టకండి. జుట్టు రంగుల మీద జోకులు వద్దు. అయ్యాక పై ప్రశ్నల్లో రెండు అడగండి. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, పిల్లలు ఓపిగ్గా మళ్లీ చెబుతారు. మనకు ఏదైనా నేర్పించడం వాళ్లకు ఎంతో ఇష్టం.

ఆ ఎపిసోడ్ మీకు నచ్చకపోవచ్చు. “ఇది నీకు మరో రెండేళ్ల తర్వాత” అని మీరు అనాల్సి రావచ్చు కూడా. చూసి, కారణం చెప్పి అన్న ‘వద్దు’ను పిల్లలు అలిగినా వింటారు. రేపు ఎక్కడో ఏదో చూసి బెదిరిపోతే, మీతో చెప్పుకోవచ్చన్న ధైర్యం కూడా వాళ్లకు ఉంటుంది.